లేని కాగితం ఇరుక్కుంది

మెకానిక్‌ని కౌంటర్ దగ్గర కూర్చోబెట్టేముందు నేను ఒక పరీక్ష పెడతాను. పని వచ్చా రాదా అన్నది నాకు రెండో లెక్క. పని నేర్పించుకోవచ్చు. అబద్ధం చెప్తాడా చెప్పడా అన్నదే మొదటి లెక్క. అది నేర్పితే వచ్చేదీ కాదు, మాన్పితే పోయేదీ కాదు.

పరీక్ష చాలా చిన్నది. లేజర్ ప్రింటర్ లోపల, కాగితం నడిచే దారిలో, వేలిగోరంత ప్లాస్టిక్ మీట ఒకటి ఉంటుంది. కాగితం వచ్చి తోస్తే అది వంగుతుంది. కాగితం దాటిపోగానే స్ప్రింగు బలంతో లేచి నిలబడుతుంది. కాగితం వచ్చిందా, వెళ్ళిందా అని మిషన్‌కి చెప్పేది ఆ మీటే. దాన్ని వంచి పక్కన చిన్న టేపు ముక్క అంటించామంటే, కాగితం ఇంకా అక్కడే ఉందని మిషన్ నమ్ముతుంది. కాగితం ఇరుక్కుంది, తీయండి అని ఎర్రలైటు వేసుకుని మొండికేసి కూర్చుంటుంది. తీద్దామంటే లోపల కాగితమే ఉండదు.

నిజాయితీ ఉన్నవాడు వెతికి టేపు తీసి, ఎవరో అంటించారమ్మా అని చేతిలో పెడతాడు. మిగతావాళ్ళు టేపు జేబులో వేసుకుని, రోలర్ అరిగిందనో, వేడిచేసే యూనిట్ కాలిపోయిందనో చెప్తారు. ఒకాయనైతే ఏ మిషన్ చూపించినా లోపలి సర్క్యూట్ బోర్డు పోయిందనేవాడు. వీధిలో ఆయనకి బోర్డు బాబు అని పేరు. పన్ను నొప్పన్నా బోర్డే పోయిందంటాడని మా ఆయన నవ్వేవారు. ఈ పరీక్ష వల్ల నేను బోర్డు బాబు లాంటివాళ్ళని గుమ్మంలోనే వదిలించుకున్నాను. ఎప్పుడూ నష్టపోలేదు. అందుకే దానిమీద అంత నమ్మకం.

ప్రింటర్ల విడిభాగాలు, టోనర్ పొడి, కేబుళ్ళు అమ్మే షాపు నాది. పైకి చూస్తే వ్యాపారమంతా ముందు గల్లాపెట్టె దగ్గర జరుగుతున్నట్టు కనిపిస్తుంది. దాని వేరు మాత్రం వెనక మూలనున్న రిపేరు కౌంటర్ దగ్గర ఉంది. అక్కడ కూర్చున్న మనిషిని నమ్మి జనం మిషన్లు మోసుకొస్తారు, ఆ మనిషి చెప్పిన భాగం నా దగ్గర కొంటారు. ఆ కుర్చీలో తప్పుడు మనిషి కూర్చుంటే ముందుగదిలో అద్దాలు ఎంత తుడిచినా లాభం ఉండదు.

పాత మెకానిక్‌కి చూపు తగ్గి మానేసేసరికి మా అబ్బాయికి పెళ్ళయింది. వాడు బడిలో లెక్కల మాస్టారు, స్క్రూ ఎటు తిప్పితే వస్తుందో కూడా తెలియదు. కోడలు మాత్రం ఊరికి ఆ చివరనున్న పెద్ద సర్వీస్ సెంటర్లో ప్రింటర్లు బాగుచేసే పిల్ల. పెళ్ళిచూపుల్లోనే ఆ పిల్ల చేతులు చూశాను. గోళ్ళ అంచుల్లో నల్లటి టోనర్ గీత ఉంది, కడిగినా పోనిది. బంగారం కన్నా నాకు అదే నచ్చింది.

కాపురానికి వచ్చిన కొత్తలోనే, సెంటర్ వాళ్ళు తనని ఒక విభాగానికి పెద్దని చేస్తామంటున్నారని చెప్పింది. నేను బట్టలు ఆరేస్తూ, మన కౌంటర్ ఖాళీగా ఉండగా పరాయి బల్ల దేనికమ్మా అన్నాను. ఆ మాటకి పిల్ల ముఖం వెలిగింది. సెంటర్ వాళ్ళని కొంత ఆగమని అడిగింది. కౌంటర్ ఎలా మార్చాలో మా అబ్బాయితో కూర్చుని బొమ్మలు గీసుకునేది, దీపం ఇటు, పనిముట్ల పలక అటు అని. ఆ పిల్ల నా మాటని బేరం కుదిరినట్టు తీసుకుంది. నా వరకు అది ధర అడిగినట్టు మాత్రమే. పరీక్ష ఇంకా కాలేదు కదా.

ఇక మా ఆయన. లైబ్రరీలో పుస్తకాలకి అట్టలు వేసే పనిచేసి రిటైరయ్యారు. చిరిగినదాన్ని అతికించడం తప్ప ఆయనకి మరో ధ్యాస లేదు. అట్టల వీపుకి వేసే గోధుమరంగు గుడ్డ టేపు ఒకటి ఆయన సొరుగులో ఎప్పుడూ ఉండేది. కళ్ళజోడుకి టేపు, రిమోట్‌కి టేపు, బకెట్ చెవికి టేపు. ఆయన్ని ఒకచోట కదలకుండా కూర్చోబెడితే నాకూ టేపు వేస్తారని అనేదాన్ని. నీ నోటికి వేద్దామనే చూస్తున్నా, అంత వెడల్పుది దొరకట్లేదు అనేవారు.

ఈ హాస్యం ఒకరోజు మితి తప్పింది. వియ్యంకులు భోజనానికి వచ్చిన రోజు ఇస్త్రీపెట్టె వైరు పొగలు కక్కింది. చూస్తే పొట్టు లేచినచోట గుడ్డ టేపు చుట్టి ఉంది. ఇల్లు తగలబడేదన్న భయంలో అందరిముందూ నోరు చేసుకున్నాను. ఈ మనిషి చెయ్యి పడితే బాగున్నది చెడుతుంది, చెడినది తగలబడుతుంది, ఇంట్లో ఉన్న అసలు నష్టం ఈయనే అన్నాను. వియ్యంకులు నవ్వారు. ఆయనా నవ్వారు. నవ్వుతూనే పళ్ళెంలో చెయ్యి కడుక్కుని లేచిపోయారు, సగం అన్నం అలాగే ఉంది. కోడలు ఒక్కతే నవ్వలేదు. ఆయన వెనకే చూస్తూ ఉండిపోయింది. నేనది చూశాను గాని లెక్కలోకి తీసుకోలేదు.

ఆ తర్వాత వచ్చిన సెలవు రోజున కోడలికి పరీక్ష పెట్టాను.

ఇంట్లో ఒక ప్రింటర్ ఉంది. బాగుచేయమని ఇచ్చి మళ్ళీ రాని కస్టమర్‌ది. ధరల పట్టికలు, పెట్టెలమీద అంటించే చీటీలు దానిమీదే తీసుకుంటాను. పొద్దున్నే మా ఆయన స్నానానికి వెళ్ళగానే పని మొదలుపెట్టాను. నేను మామూలుగా వాడే సన్నటి టేపు షాపులో ఉండిపోయింది. ఆయన సొరుగు లాగితే గుడ్డ టేపు కనిపించింది. చిన్న ముక్క కత్తిరించి, మిషన్ వెనక తలుపు తీసి, మీట వంచి అంటించాను. ప్రింట్ నొక్కితే మిషన్ గుర్రుమని ఒకసారి తిరిగి ఆగిపోయింది. ఎర్రలైటు వెలిగింది.

కోడల్ని పిలిచి, రేపు షాపు తెరిచేసరికి కొత్త ధరల పట్టిక కావాలని, ఇదేమో మొరాయించిందని చెప్పాను. నేను భోజనాల బల్ల దగ్గర ఉతికిన బట్టల కుప్ప వేసుకుని మడతపెట్టడానికి కూర్చున్నాను. మా ఆయన హాల్లో గొడుగు పిడికి టేపు చుట్టుకుంటున్నారు.

పిల్ల పనిచేస్తుంటే చూడటం నాకు అదే మొదలు. స్విచ్ కట్టేసి, ప్లగ్ తీసి, లోపల వేడి తగ్గాలని కాసేపు ఊరికే కూర్చుంది. తొందరపడేవాళ్ళు ఇక్కడే చెయ్యి కాల్చుకుంటారు. తర్వాత కింద పాత దుప్పటి పరిచింది. టోనర్ డబ్బా బయటికి తీసి, వెలుతురు తగిలితే దానిలో ఉండే డ్రమ్ము పాడవుతుందని తువ్వాల్లో చుట్టి బల్లకింద పెట్టింది. ఫోన్ లైటు వేసి ట్రే ఉండే చోటు చూసింది, ముందు తలుపు చూసింది, వెనక తలుపు తీసింది. చిరిగిన కాగితం ముక్క ఎక్కడైనా మిగిలిందేమోనని రోలర్లని చేత్తో తిప్పింది.

"కాగితం లేదత్తయ్యా. లేని కాగితాన్ని పట్టుకుని ఏడుస్తోంది ఇది," అంది.

మరి ఏం చేద్దామన్నాను. లేనిది ఉందని చెప్తోందంటే చెప్పేవాడి దగ్గరే ఏదో ఉంది, ముందు వాణ్ణి పట్టుకోవాలి అంది. నాకు ముచ్చటేసింది. ఎంతోమందికి అర్థంకాని మాట అది. ఆ క్షణాన కౌంటర్ ఇచ్చేసినంత పని చేశాను మనసులో.

కాగితం దారిలో అలాంటి మీటలు ఇంకా ఉంటాయి. ఒక్కొక్కదాన్నీ వేలితో నొక్కి వదలడం మొదలుపెట్టింది. మొదటిది టిక్కుమని లేచింది. ఇంకొకటీ లేచింది. వెనకదాని దగ్గర వేలు ఆగిపోయింది. ఆ పిల్ల వంగి చూసింది. తలెత్తి హాలువైపు చూసింది. తర్వాత ఒళ్ళు కాస్త తిప్పి, నాకు వీపు పెట్టింది. అయితే ఎదురుగా పుస్తకాల బీరువా అద్దం ఉంది. అందులో నాకు అంతా కనిపిస్తోంది. గోటితో మెల్లగా గీకింది. చెయ్యి బయటికి వచ్చేసరికి పిడికిలి మూసి ఉంది. ఆ పిడికిలి కుర్తా జేబులోకి వెళ్ళింది, ఖాళీగా బయటికి వచ్చింది.

నా చేతిలో చొక్కా మడత సగంలో ఆగింది.

ఆ తర్వాత పిల్ల కాగితం లాగే రోలర్ బయటికి తీసి, తడిగుడ్డతో చాలాసేపు తుడిచింది. అవసరానికి మించి తుడిచింది. అన్నీ బిగించి, ప్రింట్ నొక్కింది. ధరల పట్టిక చక్కగా వచ్చింది.

ఏమైందమ్మా అని అడిగాను.

"రోలర్ అత్తయ్యా. నున్నబడిపోయి కాగితాన్ని సరిగ్గా లాగట్లేదు. తుడిచాను. ఇప్పటికి ఆడుతుంది, కొత్తది వేస్తే మంచిది."

బోర్డు బాబు అన్నా నాకు అంత కష్టంగా ఉండేది కాదు. అయినా ఇంటి పిల్ల కదా, ఇంకొక అవకాశం ఇద్దామనుకున్నాను. ఎదుటివాడు ఒకసారి తప్పు ధర చెప్తే నేను మళ్ళీ అడుగుతాను, అది నా పద్ధతి.

"లోపల ఇంకేమీ లేదా? ఏదైనా అంటుకుని ఉండటం లాంటిది?"

నా కళ్ళలోకి సూటిగా చూసి, ఏమీ లేదత్తయ్యా అంది. తువ్వాలు దులుపుకుని లేచింది.

వ్యాపారంలో కోపం తెచ్చుకోకూడదని మా నాన్న చెప్పేవాడు. కోపం తెచ్చుకోలేదు. కాఫీ ఇచ్చాను, బాగా చేశావమ్మా అన్నాను. లోపల మాత్రం లెక్క మూసేశాను. దొరికినదాన్ని దాచింది, అరగని భాగం అరిగిందంది, రెండోసారి అడిగితే మొహంమీదే బొంకింది. ఇంట్లో అత్తకే ఇలా చెప్తే కౌంటర్ దగ్గర పరాయివాడికి ఏం చెప్తుంది? అంత పెద్ద సెంటర్లో నేర్చుకున్న విద్య ఇదేనన్నమాట అనుకున్నాను.

అంతకుముందు ఒకాయనకి పరీక్ష పెట్టి ఉన్నాను. ఎత్తుగా ఉంటాడు, అందరూ పొడుగాయన అంటారు. టేపు తీసి నా చేతిలో పెట్టి, ఇది అంటించిన ఎలుక మీ ఇంట్లోదేనా అమ్మా అని నవ్వినవాడు. ఆ వారమే ఆయన్ని కౌంటర్ దగ్గర కూర్చోబెట్టాను. కోడలికి మాత్రం, ఇంటి మనిషి కౌంటర్ దగ్గర ఉంటే తెలిసినవాళ్ళు ఊరికే చెయ్యమంటారు, మొహమాటంలో పడిపోతావు, నీ మంచికే అని చెప్పాను. పిల్ల వింది. తల ఊపింది. గదిలోకి వెళ్ళి, గీసుకున్న బొమ్మల కాగితం చింపిన చప్పుడు నాకు వినిపించింది. ఆ రాత్రి అన్నం దగ్గర మా అబ్బాయి, మాట ఇచ్చావు కదమ్మా అన్నాడు. ఇచ్చాను, వ్యాపారం నా మాట కూడా వినదు అన్నాను. కోడలు వాడి మోకాలు తట్టి ఊరుకోమంది.

సెంటర్ వాళ్ళు ఆ పెద్ద పని అప్పటికే ఇంకొకరికి ఇచ్చేశారు. ఆగమన్నందుకు పోయిన పని అది. పాత బల్ల దగ్గరే మళ్ళీ చేరింది. రోజూ పొద్దున్నే క్యారేజీ కట్టుకుని బస్సెక్కేది. నాతో ఎప్పటిలాగే ఉండేది. నేనూ ఎప్పటిలాగే ఉండేదాన్ని. ఒకే కప్పుకింద రెండు షాపులు, మధ్యలో కనపడని గోడ.

నష్టం మెల్లగా తెలిసింది. పొడుగాయన మంచివాడే, పని కూడా తెలిసినవాడే. కాని రిపేరుకి వచ్చినవాళ్ళలో కొందరు, మీ కోడలు కూర్చునే సెంటర్ ఎక్కడమ్మా అని నన్నే అడిగేవారు. ఎవరో చెప్పారట, ఆ అమ్మాయి అక్కర్లేని భాగం మార్చదని. దారి నేనే చెప్పి పంపేదాన్ని. ఎంత నంగనాచి, పరాయివాళ్ళ దగ్గర ఎంత మంచి పేరు అని లోపల ఆశ్చర్యపోయేదాన్ని. లెక్క ఎక్కడో తప్పిందని మాత్రం తోచలేదు. తప్పు కూడిక ఎన్నిసార్లు కూడినా అదే మొత్తం వస్తుంది కదా.

ఇంకో మార్పు కూడా వచ్చింది, దాన్ని లాభంలో వేసుకున్నాను. మా ఆయన టేపు వేయడం మానేశారు. బకెట్ చెవి విరిగితే అలాగే వదిలేశారు. ఇన్నాళ్ళకి బుద్ధి వచ్చిందన్నాను. వచ్చిందిలే అన్నారు. గ్యాస్ నేనే కట్టేశానా అని రెండుసార్లు అడిగేవారు. బయటికి వెళ్ళి సగం దారిలో వెనక్కి వచ్చి తాళం లాగి చూసుకునేవారు. నేను విసుక్కునేదాన్ని. ఖాళీగా ఉంటే మనిషికి ఇలాంటి చాదస్తాలే పుడతాయి, షాపుకొచ్చి పెట్టెలైనా సర్దండి అంటే, వద్దులే, నేను సర్దితే మళ్ళీ ఏదో అవుతుంది అనేవారు.

ఒకరోజు మధ్యాహ్నం ఇంట్లో ప్రింటర్ మళ్ళీ ఆగింది. ఈసారి నిజంగానే కాగితం ఇరుక్కుంది, విసనకర్రలా మడతలు పడి రోలర్ల మధ్య కనిపిస్తోంది. పొద్దున కోడలు వెళ్తుంటేనే అది కీచుమంటోందని చెప్పాను. పొడుగాయన్ని పిలిపించండి అత్తయ్యా, కౌంటర్ ఆయనది కదా అంది. మర్యాదగానే అంది. అది గుర్తొచ్చి, ఈ దిక్కుమాలిన మిషన్ అని గట్టిగా తిట్టాను.

మా ఆయన హాల్లోంచి లేచి వచ్చారు. గుమ్మం దాటి లోపలికి రాలేదు. కాలిన చెయ్యి పొయ్యికి దూరంగా పెట్టుకున్నట్టు నిలబడి, "నేను కాదు. నేను దాని జోలికే పోలేదు," అన్నారు.

మిమ్మల్ని ఎవరన్నారండీ, గుమ్మడికాయల దొంగలాగా భుజాలు తడుముకుంటారేం అని నవ్వాను. ఆయన నవ్వలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఇంతకుముందు ఆగినప్పుడు మాత్రం నేనేనట. లోపలెక్కడో నా గుడ్డ టేపు ముక్క ఉందట. అమ్మాయి ఆ సాయంత్రం పెరట్లోకొచ్చి నా చేతిలో పెట్టింది. మామయ్యా, ప్రింటర్ లోపల మాత్రం వెయ్యకండి, అత్తయ్యకి రోలర్ అని చెప్పానులెండి అంది. పిచ్చిపిల్ల. నువ్వు తిడతావని."

ఆయన తన చేతులు చూసుకుంటూ చెప్తున్నారు.

"నాకు వేసినట్టు గుర్తే లేదు. ఎంత ఆలోచించినా గుర్తు రాదు. టేపు చూస్తే నాదే. అంటే ఏమిటి? వేశాను, మర్చిపోయాను. మా నాన్నకీ ఇలాగే మొదలైంది. ఇంకా ఏమేం చేసి మర్చిపోతున్నానో అని... అందుకే దేని జోలికీ పోవట్లేదు. నీకు చెప్తే కంగారుపడతావని చెప్పలేదు."

ఆ టేపు వేసింది నేనని చెప్పాలి. అంతే, రెండు మాటలు. నా బుర్ర మాత్రం అలవాటు ప్రకారం వేరే లెక్క వేసింది. పెద్ద నష్టం ఏది, ముందు దేన్ని ఆపాలి, కోడలికి అన్యాయం జరిగింది, కౌంటర్ తిరిగి ఇచ్చేస్తే సగం సర్దుకుంటుంది. కాసేపు పడుకోండి, ఇప్పుడే వస్తాను అని చెప్పి, చెప్పులు వేసుకుని బస్సెక్కాను.

సర్వీస్ సెంటర్ పొడుగాటి హాలు. ఇవతల బెంచీలమీద జనం, ఒళ్ళో ప్రింటర్లు పెట్టుకుని ఆసుపత్రిలో పిల్లల్ని ఎత్తుకున్నట్టు కూర్చున్నారు. అవతల బల్లల వరస. నా కోడలు మూలనున్న బల్ల దగ్గర తల వంచుకుని ఉంది. పక్కబల్లల వాళ్ళు అక్కా అక్కా అని పిలుస్తూ ఏదో అడుగుతుంటే, తల ఎత్తకుండానే సమాధానం చెప్తోంది. నన్ను చూసి కంగారుగా లేచింది. మామయ్యకి బాగానే ఉందా అని అడిగింది.

బాగానే ఉందన్నాను. నిలబడే, గబగబా, సరుకు దింపినట్టు మొత్తం చెప్పేశాను. పరీక్ష సంగతి, టేపు సంగతి, బీరువా అద్దంలో చూసిన సంగతి, నేను అనుకున్నది, ఇవాళ ఆయన చెప్పింది. పొడుగాయనకి వేరే చోటు చూపిస్తాను, కౌంటర్ నీది, రేపట్నుంచే రా అన్నాను. నా జీవితంలో బేరం ఆడకుండా ఇచ్చింది అదొక్కటే.

ఆ పిల్ల కౌంటర్ మాట విననే లేదు. చేతిలో స్క్రూడ్రైవర్ అలాగే ఉండిపోయింది.

"మామయ్య వెయ్యలేదా?"

"లేదు. నేనే."

"ఆయనకి చెప్పారా?"

"ముందు నీ దగ్గరికే వచ్చాను."

కోడలు స్టూలుమీద కూర్చుంది. "నేనే ఆయన చేతిలో పెట్టానత్తయ్యా," అంది. "పెడితే ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. ఓహో, నేనేనా అన్నారు. హాస్యానికి అన్నారనుకున్నాను."

పక్కబల్ల అబ్బాయి మంచినీళ్ళ సీసా జరిపి అటు తిరిగాడు.

నేను ఇంకా ఆశ వదలలేదు. కౌంటర్ సంగతి మళ్ళీ ఎత్తాను. ఆమె తల అడ్డంగా ఊపింది. పొడుగాయన ఏం తప్పు చేశారని తీసేస్తారు, ఆయన మీ పరీక్ష నెగ్గారు కదా అంది. తనకి కోపం రాలేదంది. షాపు మీది, ఎవరిని పరీక్షిస్తారో మీ ఇష్టం అంది. ఆ మాట కోపంగా అని ఉంటే బాగుండేది.

"అబద్ధం చెప్పానని తెలిసిన రోజే, ఎందుకు చెప్పావే అని అడగాల్సింది అత్తయ్యా. ఒక్కమాట."

"అడిగాను కదమ్మా, లోపల ఇంకేమీ లేదా అని."

"అది అడగడం కాదు. అది ఇంకో టేపు."

సరుకులో లోపముందని తిప్పి పంపేముందు అమ్మినవాణ్ణి పిలిచి కారణం అడగడం నా షాపులో రివాజు. పెట్టెడు కేబుళ్ళకి చేసిన మర్యాద ఇంటి పిల్లకి చెయ్యలేదు. నవ్వుతూ కాఫీ ఇచ్చి, లోపల తీర్పు రాసుకుని కూర్చున్నాను.

"ఇంటికెళ్ళండి అత్తయ్యా," అంది. "ఆయన ఒక్కరే ఉన్నారు. ఇలా చెప్పకుండా ఒక్కో గంటా గడుస్తుంటే..." అని ఆగి, బస్టాపు దాకా వచ్చి నన్ను బస్సెక్కించింది.

ఇంటికొచ్చేసరికి ఆయన పడుకోలేదు. కిటికీ దగ్గర అదే కుర్చీలో ఉన్నారు. ఎదురుగా కూర్చుని చెప్పాను. ఆ టేపు మీరు వెయ్యలేదు, మీ సొరుగులోంచి తీసి నేను వేశాను, కోడలిని పరీక్షించడానికి అని.

ఆయన నా ముఖంలోకి చూశారు.

"నిజం చెప్పు. అమ్మాయీ నువ్వూ మాట్లాడుకుని, నన్ను ఓదార్చడానికి చెప్తున్నారా?"

మనుషుల్లో అబద్ధం పట్టుకునే విద్య నాదని గర్వపడ్డాను ఇన్నేళ్ళు. నా నిజాన్ని నమ్మించుకోలేక, ఆయన్ని చెయ్యి పట్టుకుని ప్రింటర్ దగ్గరికి తీసుకెళ్ళాను. వెనక తలుపు తీసి, ఏ మీట, ఎటు వంచాను, ముక్క ఎంత కత్తిరించాను, ఏ వైపు అంటించాను, అన్నీ చూపించాను. దొంగ దొంగతనం జరిగిన చోటు చూపించినట్టు చూపించాను. ఆయన వంగి, కళ్ళజోడు సవరించుకుని చూశారు. ఇంకా అనుమానమే.

"ఓదార్చడం నాకెప్పుడైనా వచ్చిందా అండీ?" అన్నాను చివరికి.

ఆయన ఆలోచించారు. "రాదు," అన్నారు. "అయితే నిజమే."

గోడకి ఆనుకుని, గుండెలమీద చెయ్యి పెట్టుకుని గట్టిగా ఊపిరి వదిలారు. తిడతారనుకున్నాను. ఒక్క మాటైనా అంటే మోసుకుందామని సిద్ధంగా నిలబడ్డాను. ఆయనకి నా తప్పు పట్టనే లేదు. అయితే నాకు మతి బాగానే ఉందన్నమాట, బాగానే ఉందన్నమాట అని గదంతా తిరిగారు. అమ్మాయికి తెలుసా అని అడిగారు. తెలుసన్నాను. కౌంటర్‌కి రమ్మన్నావా అన్నారు. రమ్మన్నాను, రానంది అన్నాను.

"రాదులే," అన్నారు, వాన పడదులే అన్నంత మామూలుగా. ఆ మాట ఆయనకి ముందే తెలిసినట్టుంది.

చీకటి పడకముందే కోడలు వచ్చేసింది, సెంటర్లో అడిగి తొందరగా బయల్దేరిందట. ఆయన వీధి గుమ్మం దాకా ఎదురెళ్ళారు. నేను కాదటమ్మా, విన్నావా, నేను కాదట అంటున్నారు. మీరు కాదు మామయ్యా, మీరు కానే కాదు అంటోంది అది. ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు అదే మాట అంటూ మెట్లమీదే కూర్చుండిపోయారు. తర్వాత ఆయన ఏదో అన్నారు, నాకు వినపడలేదు, బహుశా నా నోటి గురించే అయి ఉంటుంది, ఇద్దరూ పగలబడి నవ్వారు. అది నవ్వుతూ కళ్ళు తుడుచుకుంటోంది.

నేను వంటగదిలో స్టవ్ వెలిగించి టీ పెట్టాను. మూడు కప్పులు తీశాను. టీ పొంగేదాకా నిలబడి ఆ నవ్వు విన్నాను. వెళ్ళి వాళ్ళ పక్కన మెట్టుమీద కూర్చోవచ్చు, ఇద్దరిలో ఎవరూ వద్దనరు, జరిగి చోటు ఇస్తారు కూడా. కాని ఆ నవ్వులో నా పెట్టుబడి ఏమీ లేదు. వాటా ఏ ముఖంతో అడగను? కప్పులు పళ్ళెంలో పెట్టి, వాళ్ళ నవ్వు ఆగేదాకా గుమ్మం ఇవతలే నిలబడ్డాను.